రాణి చావుకు మధ్యమావతి

చివరి అంశానికి కమానుకు రోజిన్ రాయొద్దన్నారు.

రోజిన్ అంటే గట్టిపడ్డ జిగురు బిళ్ళ. కమాను వెంట్రుకలకు అది రాస్తేనే వయొలిన్ తీగ పలుకుతుంది, రాయకపోతే ఎంత లాగినా మూగదే. వయొలిన్ పట్టిన ప్రతివాళ్ళకూ ఈ సంగతి మొదటి పాఠం రోజే తెలుస్తుంది. అలాంటిది, జీవితమంతా వాయిస్తూ బతికిన వాళ్ళను వరసగా కూర్చోబెట్టి, వాయిస్తున్నట్టు కనబడండి చాలు, వినబడనక్కర్లేదు అని చెప్పడానికి హాలీవుడ్ నుంచి ఒక మనిషి పనిగట్టుకుని విమానమెక్కి సింగపూర్ వచ్చాడు.

ఆ మనిషి పేరు బ్రాడ్లీ. అక్కడి పెద్ద స్టూడియో ఒకటి తన నూరేళ్ళ సినిమా సంగీతాన్ని ఒక కార్యక్రమంగా కూర్చి దేశదేశాలూ తిప్పుతోంది. వెనక తెర మీద సినిమా ముక్కలు వేస్తారు, ముందు వేదిక మీద వాద్యకారులు వాయిస్తారు. ఏ ఊరికి వెళితే ఆ ఊళ్ళోనే మనుషుల్ని పోగు చేసుకుంటారు. సింగపూర్‌లో అలా పోగైన వాళ్ళలో భువన ఒకతె. విజయనగరంలో నేల మీద బాసింపట్టు వేసుకుని కచేరీ వయొలిన్ నేర్చుకున్న మనిషి. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక, కుర్చీలో కూర్చుని, వయొలిన్ గడ్డం కింద ఇరికించుకుని, కాగితం చూసి వాయించే విద్య మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంది. యీషున్‌లో ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతుంది, ఇలాంటి కార్యక్రమాలు తగిలినప్పుడు వెనక వరసలో కూర్చుని వాయించి వస్తుంది.

రిహార్సల్ మొదట్లో ఆమెకు హాయిగానే ఉంది. మొదటి అంశం మూగ సినిమాల కాలానిది, ఒక్క పియానో చాలు. తరవాతిది స్టూడియోలో నెలజీతాల మీద సొంత ఆర్కెస్ట్రా ఉన్న రోజులది. అందులో వేదిక మీద ఖాళీగా ఉన్న చెయ్యి ఒక్కటి లేదు. తెర మీద గుర్రాలు పరుగెత్తితే వయొలిన్లన్నీ వాటి వెంట పడాలి, కథానాయిక తలుపు తీస్తే కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్లు, చెల్లోలన్నీ ఒక్కసారి నిట్టూర్చాలి. వాయించి వాయించి భువన జబ్బలు నొప్పి పుట్టాయి, ఆ నొప్పి కూడా బాగుంది. ఆ పైన శాక్సొఫోన్ల కాలం వచ్చింది, పాటల కాలం వచ్చింది, బాకాలు చెవులు గింగురుమనిపించే అంతరిక్షం సినిమాల కాలం వచ్చింది. మీట నొక్కితే అన్ని వాద్యాలూ పలికే సింథసైజర్లు వచ్చిన దగ్గర్నుంచి చేతులు ఖాళీ కావడం మొదలైంది. ముందు వెనక వరసకు పని తగ్గింది, తరవాత బాకాల వాళ్ళు కాళ్ళు చాపుకున్నారు. చివరి అంశం దగ్గరికి వచ్చేసరికి వాయించేది బ్రాడ్లీ ముందున్న లాప్‌టాప్ ఒక్కటే. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ సైతం చెవిలో యంత్రం టిక్కుటిక్కుమంటుంటే దాని ప్రకారం చేతులు ఊపుతాడు. నూరేళ్ళ అభివృద్ధి అంటే ఇదన్నమాట, అనుకుంది భువన.

ఆ చివరిది కొత్త సినిమాలో ఘట్టం. సముద్రంలో మునిగిపోయిన నగరానికి ఒక రాణి. నీలం నీళ్ళలో జుట్టు విరబోసుకుని, కళ్ళు మూసుకుని, ఆవిడ అడుగుకు దిగిపోతూ ఉంటుంది. అప్పుడు ఒంటరిగా ఒక వయొలిన్ వినిపిస్తుంది.

"తూర్పు దేశాల గొంతు ఇది," అన్నాడు బ్రాడ్లీ. వరసలన్నీ ఒకసారి చూసి భువన దగ్గర ఆగాడు. "మీరు ముందుకొచ్చి కూర్చుంటారా? చీర కట్టుకుంటారు కదా మీరు? కెమెరా మీ మీద ఉంటుంది. వాయిస్తున్నట్టు చెయ్యాలి, అంతే."

ఇన్నేళ్ళలో ఆమెను వెనక వరసలోంచి ముందుకు పిలిచినవాళ్ళు లేరు. చేతిని చూసి పిలవలేదని, ముఖాన్నీ చీరనూ చూసి పిలిచాడని తెలుస్తూనే ఉంది. అయినా వెళ్ళి కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. బ్రాడ్లీ మీట నొక్కాడు.

తీగ మీద వేలు జారిన ఆ మొదటి జారు వినేసరికి ఆమె వీపు నిటారైంది. మధ్యమం నుంచి రిషభం మీదికి ఆ దిగడం, దిగి ఆగినట్టే ఆగి చిన్నగా ఊగడం. తన చేతిరాతను తను పోల్చుకోలేని వాళ్ళుంటారా? ఆ వెంటనే పై స్థాయికి ఎక్కే జారు. దాని కొసన, చెవి పెట్టి వింటే తప్ప తెలియనంత సన్నగా, టిక్కుమని చప్పుడు. అది గాజు చప్పుడు. సీమంతం నాడు మేనత్త తొడిగిన బంగారు గాజు ఇప్పుడు అరచెయ్యి దాటి ఊడి రాదు. చెయ్యి పై స్థాయికి ఎక్కినప్పుడల్లా అది వయొలిన్ చెక్కకు తగులుతుంది.

"ఇది నేను," అంది భువన.

"అవును, మీరే. కెమెరా మొత్తం మీ మీదే."

"అది కాదు. ఇది వాయించింది నేను. ఇది నా వయొలిన్."

బ్రాడ్లీ నవ్వాడు. వెటకారం ఏమీ లేని మంచి నవ్వు, అందుకే ఒళ్ళు మరింత మండింది. "ఇది లైబ్రరీలోది. రకరకాల వాద్యాల ముక్కలు వేలకొద్దీ ఉంటాయి అందులో. ఎవరెవరో వాయించినవి. మా స్వరకర్త వాటిని ఏరి కూర్చాడు. మీ సంప్రదాయం కాబట్టి మీకు అలా అనిపించడం సహజం."

"వాయించి చూపిస్తాను."

"తప్పకుండా."

రోజిన్ ఉన్న కమాను తీసుకుని వాయించింది. రాలేదు. గడ్డం కింద బిగించిన వయొలిన్ మీద చెయ్యి అంత ధారాళంగా జారదు, మొదటి జారు సగంలో గీసుకుంది. రెండో ముక్కకు అసలు దారే లేదు. పై స్థాయిలో ఉన్న వేలు రెప్పపాటులో కింది తీగ మీదికి దూకాలి. ఏ మనిషి చెయ్యీ అలా దూకదు. కత్తిరించి అతికించిన వాడికి చేతితో పని లేదు కాబట్టి వాడికి ఆ సంగతి తట్టలేదు. భువన మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ. వెనక ఎవరో దగ్గారు.

"చూశారా," అన్నాడు బ్రాడ్లీ ఓదార్పుగా. "మీ తప్పేం లేదు. చాలా కష్టమైన వాద్యం అది. మీరు కమాను కదపండి, చాలు."

తన చేతిని తనకే చూపించి, ఇది నీవల్ల కాదన్నాడు. భువన చెవులు వేడెక్కిపోయాయి. పళ్ళ బిగువున లేచి వెళ్ళి కమాను పెట్టెలో పెట్టుకుంది.

బయట కాఫీ దగ్గర సూ లిన్‌ను పట్టుకుంది. సూ లిన్ ఈ ఊరి చైనీస్ మనిషి, ఇక్కడి అలవాటు చొప్పున మాట చివర ఒక లా తగిలిస్తుంది. ఇలాంటి కార్యక్రమాలకు వాద్యకారుల్ని కుదిర్చేది ఆమే, కొన్నేళ్ళ కిందట భువనను ఒక రికార్డింగ్ స్టూడియోకు వెంటబెట్టుకుని వెళ్ళిందీ ఆమే.

"ఆ రోజు నువ్వు అద్దం అవతల కూర్చున్నావు," అంది భువన. "వాళ్ళు నన్ను ఏమడిగారు? ఒక్కో స్వరం విడిగా, ఒక్కో జారు విడిగా. రాగం వద్దు, పాట వద్దు అన్నారు. అవునా?"

"అవును లా."

"అవన్నీ వాయించాను. అయిపోయింది, థాంక్యూ అన్నారు. హెడ్‌ఫోన్లు తీసేశాను. ఆ తరవాత వాయించింది ఇది."

సూ లిన్ కప్పు మూత ఊడదీసి మళ్ళీ పెట్టింది. "గుర్తుంది. అయిపోయిందన్నా నువ్వు నేల మీంచి లేవలేదు. ఎందుకా అనుకున్నాను."

"మంగళం వాయించకుండా మేం వాద్యం ఎత్తి పెట్టెలో పెట్టం. ఎంత చిన్న కచేరీ అయినా అంతే. శుభంగా ముగించాలి, అప్పటిదాకా దొర్లిన తప్పులు మన్నించమని దేవుణ్ణి అడగాలి. దానికోసం మధ్యమావతి రాగంలో నాలుగు ముక్కలు వాయించి దండం పెట్టుకున్నాను. అది వాళ్ళ కోసం వాయించలేదు. నీకోసమూ కాదు."

"మైకు ఆన్‌లోనే ఉంది," అంది సూ లిన్ కప్పులోకి చూస్తూ. "ఇంజనీర్ ఆపబోయాడు. బాగుంది, ఉంచు అని నేనే అన్నాను. నిజంగా బాగుందనే అన్నాను భువనా. ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

భువనకు సూ లిన్ మీద కోపం రాలేదు. కోపం వచ్చిన చోటు వేరే ఉంది. శుభంగా ముగించడానికి వాయించినదాన్ని ఎత్తుకుపోయారు. తోక ముందుకూ తల వెనక్కూ పెట్టి అతికించారు. ఏడుపు చాలలేదని కాస్త శ్రుతి కూడా దించారు. దించి, ఒక ఆడమనిషి చావుకు పెట్టుకున్నారు. మంగళం వాయిస్తుంటే మనిషి చావడమేమిటి? విజయనగరంలో ఆమెకు పాఠం చెప్పిన గురువుగారు వింటే కమాను తిప్పి వీపు మీద ఒకటి వేసేవారు, వేసినా తప్పు లేదు.

"గొడవ చెయ్యకు, ప్లీజ్," అంది సూ లిన్. "శనివారం ఒకటి, ఆదివారం ఒకటి, రెండే షోలు. ఇంకోసారి వీళ్ళు మన ఊరు రాకపోతే ఇంతమందికి పని ఉండదు లా."

ఆ మాటా నిజమే. నిజం కావడం వల్ల ఇంకా కోపం వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి భర్త సాయి కిరణ్ బెండకాయలు తరుగుతున్నాడు. బ్యాంకులో కంప్యూటర్ల ఉద్యోగం అతనిది, వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని, ఆ రెండు రోజులూ వంట అతనిది. భువన చెప్పిందంతా తరగడం ఆపకుండా విన్నాడు.

"నీ వాయిద్యం హాలీవుడ్ సినిమాలో ఉందంటే గొప్పే కదే," అన్నాడు. "నేను రాసిన కోడ్ మా ఆఫీసులో ఎవడెవడో వాడేస్తుంటాడు. ఎక్కడైనా నా పేరుంటుందా?"

"మీ కోడ్ మీ ముందే పెట్టి, ఇది నీకు రాయడం చాతకాదు అన్నారా ఎవరైనా?"

కత్తి ఆగింది. "అలా అన్నాడా?"

"అందరి ముందూ అన్నాడండీ. ఓదార్చాడు కూడా."

"అయితే మానెయ్. వెళ్ళకు. వాడి మొహాన కొట్టి వచ్చెయ్."

"నేను మానేస్తే ఇంకెవరికో చీర చుట్టి కూచోబెడతాడు. అదలా మోగుతూనే ఉంటాది కదా."

ఉంటాది అన్నాక భువనకే తెలిసింది, కోపం వస్తే తన నోట్లోంచి తిన్నగా విజయనగరం ఊడిపడుతుందని. సాయి కిరణ్‌కూ తెలుసు. ఇంక మాట పెంచకుండా బాణలి పెట్టాడు.

భువన గదిలోకి వెళ్ళి కచేరీ వయొలిన్ దించింది. అది వేరే వాద్యం. ఆర్కెస్ట్రాలో వాయించే దాన్ని తాకినట్టు దీన్ని తాకదు. నేల మీద కూర్చుని, కుడికాలు ముందుకు చాపి, వయొలిన్ తలను మడమ మీద ఆనించి, తీగలు తన శ్రుతికి బిగించుకుంది. వేళ్ళ కొసలకు కొబ్బరినూనె అద్దుకుంది. మధ్యమావతి అందుకునేసరికి చెయ్యి దానంతటదే జారింది. ఎక్కడా గీసుకోలేదు, ఎక్కడా దూకాల్సిన అవసరం రాలేదు. తన చేతికి ఏ రోగమూ లేదని ఆమెకు అప్పుడు గట్టిగా తెలిసింది.

సెకండరీ స్కూల్లో చదివే కూతురు అనన్య తలుపు దగ్గర నిలబడి వింది.

"అమ్మా, ఇది ఆ క్వీన్ చనిపోయే సాంగ్ కదా? మా క్లాసులో అందరి ఫోన్లలో ఉంది. సో శాడ్."

"అది నేను వాయించిందేనే."

"రియల్లీ?" అనన్య కళ్ళు పెద్దవి చేసింది. తరవాత తల అడ్డంగా ఊపింది. "బట్ నువ్వు రాంగ్‌గా వాయిస్తున్నావ్ లా. అది అలా వెళ్ళదు. ఇలా వెళ్తుంది." నోటితో పాడి చూపించింది. తోక ముందు, తల వెనక, శ్రుతి దించి, ఆ దూకుడుతో సహా. పిల్లకు చెవి బాగుంది. ఒక్క స్వరం తప్పు పోలేదు.

భువన కమాను ఒళ్ళో పెట్టుకుంది. బ్రాడ్లీ అన్న మాట అవమానం, అంతే. ఇది అంతకంటే ఎక్కువ. కన్నకూతురి చెవిలో దొంగది అసలైంది, అసలైంది తప్పయింది. ఆ సినిమా చూసిన ప్రతి చెవిలోనూ ఇదే జరిగి ఉంటుంది. పేరు వెయ్యకపోతే మానె, మంగళాన్ని మంగళంలా ఒక్కసారైనా జనం వినకపోతే అది ఇంక ఎప్పటికీ చావుపాటే. ఆ ఆలోచనకు ఆమెకు అన్నం సహించలేదు.

మర్నాడు బ్రాడ్లీని మర్యాదగానే అడిగింది. నేల మీద కూర్చోనివ్వండి, నా శ్రుతిలో నన్ను వాయించనివ్వండి, ట్రాక్ ఆపండి, ఒక్క నిమిషం. బ్రాడ్లీ ఓపిగ్గానే విన్నాడు. బొమ్మకూ శబ్దానికీ ముడి పడి ఉందని, ఒక్క క్షణం అటూ ఇటూ అయితే రాణి మునిగాక సంగీతం మిగిలిపోతుందని, పైగా నేల మీద కూర్చుంటే కెమెరాకు సంగీతం కాగితాల స్టాండు అడ్డం వస్తుందని చెప్పాడు. "అయినా మీరెందుకు ఇంత కష్టపడాలనుకుంటారు? పని లేకుండా చప్పట్లు వస్తుంటే!" అన్నాడు. ఆ మాట అతను నిజంగా దయతోనే అన్నాడు.

శనివారం హాలు నిండిపోయింది. భువన ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. మొదటి సగంలో వెనక వరసలో ఒళ్ళు దాచుకోకుండా వాయించింది. చివరి అంశానికి ముందుకు వచ్చి కుర్చీలో కూర్చుంది. రోజిన్ లేని కమాను స్టాండు మీద సిద్ధంగా ఉంది. తెర మీద నీళ్ళు కమ్ముకున్నాయి, స్పీకర్లలో ఆమె చెయ్యి మొదటి జారు జారింది.

భువన కమాను అందుకోలేదు. వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురుగా జనంలోకి చూస్తూ కూర్చుంది. పక్కతెర మీద ఆమె ముఖం, ఆమె చేతులు పెద్దగా కనిపిస్తున్నాయి. వయొలిన్ ఏడుస్తోంది, చేతులు కదలడం లేదు. చూడండి, బాగా చూడండి, ఇది నేను వాయించడం లేదు, ఇక్కడ ఎవరూ వాయించడం లేదు. వెనక ఉన్న వాళ్ళు మాత్రం చెప్పినట్టే మూగ కమాన్లు లాగుతున్నారు. కెమెరా ఆమె మీంచి తప్పుకోలేదు. అంశం అయిపోయింది, చప్పట్లు మోగిపోయాయి.

ఇప్పుడు తిడతాడు, తిట్టనీ అని సిద్ధపడి లోపలికి వెళ్ళింది. సూ లిన్ ముఖం పాలిపోయి గోడకు ఆనుకుని ఉంది. బ్రాడ్లీ దూరం నుంచే చేతులు చాపుకుంటూ వచ్చాడు.

"అద్భుతం! ఆ నిశ్చలత్వం! రాణితో పాటు సంగీతం కూడా చచ్చిపోయినట్టు. ఎలా తట్టింది మీకు? రేపు కూడా అలాగే చెయ్యండి. మీకోసం చిన్న వేదిక వేయిస్తాను, మీ ఒక్కరి మీదే లైటు వేయిస్తాను."

తిడితే తట్టుకునేది. వాయించినదాన్ని ఎత్తుకుపోయారు సరే, వాయించనని మొండికేస్తే ఆ మొండితనాన్ని కూడా ఎత్తుకుని, దానికి లైటు పెట్టి, రేపటి కార్యక్రమంలో కలిపేసుకున్నారు. వీళ్ళకు ఏదిచ్చినా సరుకే. ఎంఆర్టీ రైల్లో యీషున్ దాకా నిలబడే వచ్చింది, సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. ఎదురుగా కూర్చున్న చైనీస్ ముసలాయన ఆమె ముఖం చూసి కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున తారాదేవి ఆంటీ ఫోన్ చేసింది. జురాంగ్ ఈస్ట్‌లో ఎప్పటినుంచో స్థిరపడిన మనిషి. ఊళ్ళో ఎక్కడ తెలుగువాళ్ళ పాట ఉన్నా, ఆట ఉన్నా, టికెట్లు కొనిపించి జనాన్ని తోలుకు వెళ్ళడం ఆవిడ పని.

"ఏమ్మా భువనా, ముందు కూచోబెట్టారంట కదా నిన్ను! మధ్యాహ్నం ఆటకి మనవాళ్ళందరికీ బ్లాకుగా తీయించేశా, హాలు మధ్యలో. ఒక వరసంతా మనమే, వెనక వరస కూడా సగం మనమే. సోలో అంట కదా?"

"సోలో అనే అంటున్నారు ఆంటీ."

"అదేంటి, అలా నీరసంగా అంటావేం? టిఫిన్ చేశావా? బాగా వాయించు తల్లీ, మేమున్నాం."

భువన ఫోన్ పెట్టేసింది. తరవాత ఆర్కెస్ట్రా వయొలిన్‌తో పాటు కచేరీ వయొలిన్ కూడా తీసుకుంది. స్టేజి దగ్గర రెండు పెట్టెలు చూసి సూ లిన్ తలుపు తెరిచి పట్టుకుంది. విరామంలో కచేరీ వయొలిన్ తీగలు తన శ్రుతికి బిగించి, తన కమానుకు రోజిన్ దట్టంగా రాసి, చివరి అంశానికి రెండూ పట్టుకుని ముందుకొచ్చింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎలాగూ మోగని వయొలిన్, ఏదైతే వాళ్ళకేం?

మాట ఇచ్చినట్టే చిన్న వేదిక వేయించాడు బ్రాడ్లీ. హాలంతా చీకటి చేసి ఆమె మీద ఒక్కటే లైటు వేశారు. రాణి మునగడం మొదలుపెట్టింది. భువన నిన్నటిలాగే కదలకుండా కూర్చుంది. తన జారు, తన గాజు చప్పుడు, ఏ చెయ్యీ దూకలేని ఆ దూకుడు, అన్నీ స్పీకర్లలోంచి ఒకదాని తరవాత ఒకటి వెళ్ళిపోయాయి. ఈసారి వెళ్ళనిచ్చింది. రాణి అడుగుకు చేరింది, తెర నల్లబడింది. కండక్టర్ చెవిలో టిక్కుటిక్కు ఆగింది. చేతులు మాత్రం ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఆయన చేతులు దించేదాకా జనం చప్పట్లు కొట్టరు.

ఆ సందులో భువన కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. కాలు చాపింది. వయొలిన్ తలను మడమ మీద ఆనించి మధ్యమావతి అందుకుంది.

మైకు లేదు. అంత పెద్ద హాల్లో అంత చిన్న వాద్యం. అయినా ఆ హాలు కట్టినవాళ్ళు పని తెలిసినవాళ్ళు, నిశ్శబ్దంగా ఉంటే చివరి వరస దాకా వినిపిస్తుంది, జనం నిశ్శబ్దంగానే ఉన్నారు. రిహార్సల్ నాటి నుంచి పోగైన కోపమంతా ముందు కమానులోకి దిగింది. మొదటి జారు కరుకుగానే వచ్చింది. మధ్యమావతి కోపంతో వాయించే రాగం కాదు. రెండో వరసకు చెయ్యి మెత్తబడింది. తల తల చోట, తోక తోక చోట పెట్టుకుంటూ, రిషభం మీద తృప్తిగా ఊగి, పైకి ఎక్కి, గాజు చప్పుడుతో సహా, అసలైనది అసలైనట్టు వాయించింది. కండక్టర్ చేతులు దించలేక, ఎత్తి ఉంచలేక బిగుసుకుపోయి ఉన్నాడు. లాప్‌టాప్ దగ్గర బ్రాడ్లీ లేచి నిలబడ్డాడు. నొక్కడానికి అతనికి అక్కడ ఏ మీటా లేదు.

అప్పుడు హాలు మధ్యలో తారాదేవి ఆంటీ లేచింది.

మంగళం వినబడితే మనవాళ్ళు కూర్చోరు. ఎంత గొప్ప విద్వాంసుడైనా సరే, మంగళం ఎత్తుకున్నాడంటే దండం పెట్టుకుని, కుచ్చిళ్ళు సర్దుకుని, చేతిసంచీ వెతుక్కుని లేవాల్సిందే. అందులో అగౌరవమూ లేదు, గౌరవమూ లేదు. కచేరీ అయిపోయింది, ఇంక ఇంటికి వెళ్ళాలి, అంతే. ఆవిడ లేవగానే ఆ వరసంతా లేచింది, వెనక సగం వరసా లేచింది. కొందరు కళ్ళు మూసుకుని దండం పెట్టారు. ఒకాయన నిలబడే జేబులో ట్రైన్ కార్డు ఉందో లేదో తడుముకున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు వీళ్ళను చూశారు. ఇంతమంది చేతులు జోడించి లేచి నిలబడ్డారంటే లేవవలసిన ఘట్టమే కాబోలు అనుకున్నారు. పక్క వరస లేచింది, దాన్ని చూసి పై బాల్కనీ లేచింది. చప్పుడు కాకుండా, ఒకరిని చూసి ఒకరు, చైనీస్ వాళ్ళు, తమిళులు, మలయులు, తెల్లవాళ్ళు, హాలు హాలంతా లేచి నిలబడింది. వాళ్ళలో ఎవరికీ రాణి గుర్తు లేదు. చీర కట్టుకుని నేల మీద కూర్చున్న మనిషి వాయిస్తోంది, అందరూ నిలబడి వింటున్నారు.

భువన చివరి షడ్జం మీద కమాను పూర్తిగా లాగి, ఎత్తి, కళ్ళకు అద్దుకుంది. అప్పుడు పడ్డాయి చప్పట్లు. బ్రాడ్లీ పరుగున వచ్చి వేదిక మధ్యలో నిలబడి, చెయ్యి గుండె మీద పెట్టుకుని జనానికి వంగి వంగి నమస్కారాలు చేశాడు. అది తన కార్యక్రమానికి దక్కిన సన్మానం అనుకున్నాడు. తారాదేవి ఆంటీ అప్పటికే తలుపు దాటేసింది.

లోపల వయొలిన్ తుడుచుకుంటుంటే వచ్చాడు. ఈసారి మాటల్లో కొంచెం తడబాటు ఉంది.

"అది, చివర్లో మీరు వాయించినది. మొన్న మీరు చెప్పింది దాని గురించేనా?"

"అవును."

"ట్రాక్‌లో ఉన్నది..." అని ఆగాడు. భువన ఆ వాక్యం పూర్తి చేస్తాడేమోనని చూసింది. చెయ్యలేదు. "ఈ రోజుది మా దగ్గర రికార్డు కాలేదు. నేను గురువారం దాకా ఇక్కడే ఉంటాను. ఒక్క పూట స్టూడియోకి వస్తారా? ఈసారి పూర్తిగా తీసుకుందాం. మీరు ఎలా కూర్చుంటానంటే అలాగే."

మళ్ళీ సరుకు. భువన పెట్టె మూత వేసి, గొళ్ళెం పెట్టి, నిలబడింది.

"రికార్డింగ్ కుదరదు," అంది. "కావాలంటే నేర్పుతాను. యీషున్ రండి. నేల మీద కూర్చోవాలి. ముందు కాలు చాపడం, తరవాత కమాను పట్టడం, తరవాత సరళీ స్వరాలు. ఈ రాగం దగ్గరికి రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. మీకు చెవి ఉంటేనే."

బ్రాడ్లీ నవ్వాడు. భువన నవ్వలేదు. అతని నవ్వు సగంలో ఆగి, ఏం చెయ్యాలో తెలియక ముఖం మీదే ఉండిపోయేదాకా అలాగే నిలబడి చూసింది.

"మీ తప్పేం లేదు," అంది. "చాలా కష్టమైన వాద్యం అది."

రెండు పెట్టెలూ రెండు భుజాలకు తగిలించుకుని, మెట్లు దిగి, గబగబా స్టేషన్ వైపు నడిచింది. నడిస్తే తారాదేవి ఆంటీ వాళ్ళ ట్రైన్ అందుతుంది.